ఫార్మలిన్‌లో వేసే ముందు ఒక్కసారి

గత నెల అక్కను కొత్త ఎండోక్రైన్ (హార్మోన్ల) వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాల్సి వచ్చి, నాలుగేళ్ల నాటి థైరాయిడ్ ఆపరేషన్ ఫైలును బీరువా అడుగు నుంచి బయటకు తీశాను. డిశ్చార్జి పత్రం, బిల్లులు, స్కానింగు ఫిల్ములు, వాటి వెనక రెండు పేజీల బయాప్సీ రిపోర్టు. ఆ రిపోర్టు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ అందులో వెతికింది ఒక్క మాట కోసమే. క్యాన్సర్ లేదని రాసి ఉంది. అమ్మ పరవాన్నం చేసింది. మిగతా వాక్యాలు ఎవరమూ చదవలేదు.

ఈసారి చదివాను. రెండో పేజీ అడుగున, తీసిన థైరాయిడ్‌కు వెనకవైపు అంటుకుని ఒక పారాథైరాయిడ్ గ్రంథి కూడా ఉందని, దానిలో ఏ జబ్బూ లేదని రాసి ఉంది. రక్తంలో కాల్షియం పడిపోకుండా చూసే చిన్న గ్రంథి అది, మెడలో సాధారణంగా నాలుగు ఉంటాయి. ఆ వాక్యం నాలుగేళ్లుగా మా ఇంట్లోనే ఉంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దాని గురించి మాకు ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పటి నుంచి ఒకే ఆలోచన నన్ను వదలడం లేదు. ఆ గ్రంథి అక్క మెడలోంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి, బయాప్సీకి పంపే ముక్కను నిలవ ఉంచే ఫార్మలిన్ ద్రవం డబ్బాలోకి వెళ్లే మధ్యలో కొన్ని నిమిషాలు గడిచి ఉంటాయి. ఆ నిమిషాల్లో ఎవరైనా గుర్తుపట్టి ఉంటే దాన్ని తిరిగి అక్క ఒంట్లోనే పెట్టగలిగేవారు. అలా గుర్తుపట్టడానికి పనికొచ్చే వెలుగు ఒకటి అప్పటికే వాడుకలో ఉంది.

ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి అక్క నన్ను లేపి, పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టు ఉందని చెప్పింది. డ్యూటీలో ఉన్న నర్సు వచ్చి నాడి చూసి, భయం వల్ల అలా అనిపిస్తుందని సర్దిచెప్పింది. మర్నాడు ఇంటికి పంపేశారు. ఆ సాయంత్రం, వద్దన్నా వినకుండా, అక్క చాటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చుంది. కాసేపటికి చాట కింద పడిన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే రెండు చేతులూ కొంకర్లు పోయి ఉన్నాయి. మణికట్లు లోపలికి వంగాయి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, బొటనవేళ్లు అరచేతుల్లోకి ముడుచుకున్నాయి. విప్పుదామని పట్టుకోబోతే ముట్టుకోవద్దని అరిచింది. గొంతు కూడా బిగుసుకుంటోందని ఆ అరుపులోనే తెలిసింది.

ఎమర్జెన్సీలో రక్తం పరీక్షిస్తే కాల్షియం 6.8 ఉంది. 8.5కు తగ్గకూడదు. గుండె కొట్టుకునే తీరును మానిటర్‌లో గమనిస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కించారు. ఒళ్లంతా వేడి పాకుతోందని అక్క చెప్పింది. కొద్దిసేపట్లోనే వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. కొన్ని వారాల్లో అంతా సర్దుకుంటుందని అన్నారు. చాలామందికి సర్దుకుంటుంది. అక్కకు సర్దుకోలేదు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతూ మధ్యలో ఆగి మాత్ర మింగే టీచరుగా పిల్లలకు ఆమె అలవాటైపోయింది. రోజుకు మూడుసార్లు కాల్షియం, దానితో పాటు కాల్సిట్రయాల్ అనే విటమిన్ డి మందు. ఎక్కువైతే మూత్రపిండాల్లో రాళ్లు, తక్కువైతే కొంకర్లు. ఈ రెంటి మధ్యే నాలుగేళ్లుగా నడుస్తోంది.

చూపు గురించి నాకు తెలిసినది

నేను వైద్యుణ్ణి కాదు. హైదరాబాదు శివార్లలోని మందుల ఫ్యాక్టరీలలో తనిఖీ కెమెరాలు అమర్చడం నా పని. మాత్రల పట్టీకి రేకు అతికించక ముందే ప్రతి గుంటలో మాత్ర ఉందా, విరిగిందా, రంగు తేడా ఉందా అని ఆ కెమెరా చూస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉండి నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఒకటుంది. కనిపించకపోవడానికి చాలాసార్లు కారణం కన్ను కాదు, వెలుతురు. తెల్ల పట్టీ మీద తెల్ల మాత్ర మామూలు లైటులో కలిసిపోతుంది. లైటు మార్చితే అదే మాత్ర నల్లటి మచ్చలా ఎదురుగా నిలబడుతుంది.

పారాథైరాయిడ్‌ది సరిగ్గా ఇదే ఇబ్బంది. ఒక్కోటి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, పెసరబద్దంత ఉంటుంది. పసుపూ గోధుమా కాని రంగు. చుట్టూ ఉండే కొవ్వు, చిన్న శోషరస గ్రంథులు, థైరాయిడ్ అంచున వేలాడే బొడిపెలు అన్నీ ఇంచుమించు అలాగే కనిపిస్తాయి. కాస్త రక్తం అంటితే తేడా పూర్తిగా చెరిగిపోతుంది. పై రెండు గ్రంథులు సాధారణంగా ఒకే చోట దొరుకుతాయి. కింది రెండు మాత్రం పిండదశలో, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథితో కలిసి కిందికి దిగి వచ్చేవి కాబట్టి, దవడ కింది నుంచి ఛాతీ దాకా ఎక్కడైనా ఆగిపోవచ్చు. కొందరికి అయిదు ఉంటాయి, కొందరికి మూడే. మనిషిలో ఇవి ఉన్నాయని 1880లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఇవార్ శాండ్‌స్ట్రోమ్ రాసేదాకా శరీర నిర్మాణ శాస్త్రం వీటిని లెక్కలోకే తీసుకోలేదు. అప్పటికి ఆయన ఇంకా వైద్య విద్యార్థి. శతాబ్దాల తరబడి శవాలను కోసి పరిశీలించినవారి కళ్లు కూడా వీటిని దాటుకుంటూనే పోయాయి. కాబట్టి ఆపరేషన్ బల్ల మీద ఒక సర్జను కన్ను తప్పిందంటే నేను దాన్ని నేరంగా చూడను. ఆ వాక్యం మాకు చెప్పకపోవడం వేరే సంగతి. దానికి ఇప్పటికీ నా మనసు ఒప్పుకోవడం లేదు.

వెలుగు కథ అమెరికాలో, టెన్నెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. బొంబాయిలో భౌతికశాస్త్రం చదువుకుని అమెరికా వెళ్లిన అనితా మహదేవన్ జాన్సెన్ బృందం, అక్కడి సర్జన్లతో కలిసి, మెడలోని ఒక్కో కణజాలం మీద 785 నానోమీటర్ల పరారుణ కాంతిని వేసి తిరిగి వచ్చేదాన్ని కొలిచింది. పారాథైరాయిడ్ దగ్గర 820 నానోమీటర్ల ప్రాంతంలో బలమైన ప్రతిదీప్తి, అంటే పడిన కాంతికి జవాబుగా కణజాలమే వెలువరించే వెలుగు, వచ్చింది. థైరాయిడ్ నుంచీ వస్తుంది కాని చాలా తక్కువ. కండరం, కొవ్వు దాదాపు చీకటిగా ఉంటాయి. ఏ రంగూ ఎక్కించలేదు, ఏ ఇంజెక్షనూ ఇవ్వలేదు. గ్రంథి సహజ గుణమే అది. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2018 నవంబరులో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సూత్రం మీద పనిచేసే రెండు పరికరాలకు అనుమతి ఇచ్చింది. పీటీఐ అనేది కణజాలానికి ఆనించే సన్నని ప్రోబ్. ముందుగా థైరాయిడ్ మీద ఆనించి దాని స్థాయి తెలుసుకుంటుంది, తర్వాత పారాథైరాయిడ్ తగిలితే శబ్దం చేస్తుంది. ఫ్రాన్స్‌లో తయారైన ఫ్లూవోబీమ్ అనేది కెమెరా. గ్రంథి తెర మీద తెల్లగా వెలుగుతుంది.

ఆ మెరుపు మన కంటికి కనిపించదు. 820 నానోమీటర్లు మన చూపు పరిధికి అవతలివి. సర్జను కంటికి మెడ ఎప్పటిలాగే ఎర్రగా, తడిగా ఉంటుంది, పక్కనున్న తెర మీద మాత్రం చీకట్లో ఒక తెల్లటి గింజ నిలబడుతుంది. ఆ చిత్రాలు మొదటిసారి చూసిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. నా వృత్తిలో రోజూ చూసే రకం చిత్రాలే అవి. కాని ఆ గింజ అక్కది కావచ్చుననే ఊహ వాటిని వేరేగా మార్చేసింది.

ఎక్కడుందో చెబుతుంది, బతికుందో చెప్పదు

ఇంతవరకు చదివినవారికి, ప్రతి ఆపరేషన్ థియేటరులోనూ ఈ కెమెరా పెట్టాలని నేను అనబోతున్నట్టు అనిపించవచ్చు. మొదటి వారం నేను అలాగే అనుకున్నాను. తర్వాత చదివినకొద్దీ ఆ ఉత్సాహం నిలవలేదు.

మొదటి అడ్డంకి ఈ కాంతి స్వభావంలోనే ఉంది. రక్తం అందడం ఆగిపోయిన గ్రంథి కూడా అలాగే మెరుస్తుంది. కోసి బయట పెట్టినదీ మెరుస్తుంది. థైరాయిడ్ తీసేటప్పుడు పారాథైరాయిడ్లకు ఎక్కువగా జరిగే నష్టం అవి పొరపాటున బయటకు పోవడం కాదు. ఉన్నచోటే ఉండి, వాటికి రక్తం తెచ్చే వెంట్రుకంత సన్నని నాళాలు తెగిపోవడమో మాడిపోవడమో జరుగుతుంది. అలాంటప్పుడు తెర మీద నాలుగు గింజలూ చక్కగా వెలుగుతాయి, మూడో రోజుకు మనిషి చేతులు కొంకర్లు పోతాయి. రక్తప్రసరణ తెలియాలంటే ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును నరంలోకి ఎక్కించి వేరేగా చూడాలి. జెనీవా సర్జన్లు ఆ దారిలో మంచి పని చేశారు. కనీసం ఒక గ్రంథికి రక్తం బాగా అందుతోందని ఆ పద్ధతిలో రుజువైన రోగులకు తర్వాత కాల్షియం పడిపోవడం లేదని చూపించారు. కాని అది వేరే పద్ధతి, వేరే ఖర్చు.

రెండోది, కాంతి లోతుకు పోదు. కొన్ని మిల్లీమీటర్ల కణజాలం కప్పి ఉన్నా గ్రంథి కనిపించదు. కొన్ని రకాల కొవ్వు, థైరాయిడ్‌లోని కొన్ని గడ్డలు, కాటరీతో (వేడితో కాల్చే పరికరంతో) మాడిన అంచులు పారాథైరాయిడ్‌లాగే మెరిసి మోసం చేస్తాయి. ఇంకో సంగతి నన్ను మొదట బాగా ఇబ్బంది పెట్టింది. పారాథైరాయిడ్‌లో ఏ పదార్థం వల్ల ఈ మెరుపు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. కాల్షియంను పసిగట్టే గ్రాహకమే కారణమని మొదట్లో ఊహించారు గాని అది రుజువు కాలేదు. కారణం తెలియని గుణాన్ని నమ్ముకుని కత్తి పట్టుకోవచ్చునా? ఈ ప్రశ్న చాలాకాలం మనసులో తిప్పుకున్నాను. చివరికి నా పనిలోంచే జవాబు దొరికింది. మేము కెమెరాను నమ్మేది అది ఎందుకు పట్టుకుంటుందో తెలిసినందువల్ల కాదు. ప్రతి షిఫ్టు మొదట్లో విరిగిన మాత్రలున్న పట్టీలను కావాలనే లైనులో పెట్టి, అది పట్టుకుందని కళ్లారా చూసి, సంతకం చేశాకే పని మొదలుపెడతాం. పట్టుకోనిరోజు లైను ఆపేస్తాం. ప్రతిసారీ పరీక్షకు నిలబెట్టగలిగితే, కారణం తేలేదాకా ఆగక్కరలేదు.

మూడోది పరిశోధనల లెక్క. 2020లో అచ్చయిన ఫ్రెంచ్ అధ్యయనంలో 241 మంది రోగులను చీటీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఆపరేషన్ తర్వాత తాత్కాలికంగా కాల్షియం పడిపోయినవారు మామూలు జట్టులో 21.7 శాతం, కెమెరా వాడిన జట్టులో 9.1 శాతం. సగానికి పైగా తగ్గుదల. ఇది చదివి పొంగిపోయాను. తర్వాత 2023లో స్వీడన్‌లోని లుండ్ సర్జన్ల నాయకత్వంలో అంతకన్నా పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. ఆపరేషన్ అయిన మర్నాటికి పారాథైరాయిడ్ హార్మోను తక్కువైనవారి నిష్పత్తిలో, ఈ వెలుగు వాడినందువల్ల చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదని అది తేల్చింది. ఇక అక్కలాగా శాశ్వతంగా మాత్రల మీద బతికేవారి సంఖ్య తగ్గుతుందని ఈ రెండింటిలో ఏదీ గట్టిగా నిరూపించలేదు. అలాంటివారు ప్రతి వందలో కొద్దిమందే కాబట్టి, తేడా తేలాలంటే వేలమందిని ఏళ్ల తరబడి గమనించాలి.

కాబట్టి ఈ యంత్రం ఉంటే అక్కకు ఈ గతి పట్టేది కాదని నేను రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది.

పళ్లెం దగ్గర నిలబడి

అయితే అదే ఫ్రెంచ్ అధ్యయనంలో ఇంకొక అంకె ఉంది. పొరపాటున గ్రంథి బయటకు వెళ్లిపోయిన రోగులు మామూలు జట్టులో 11.7 శాతం, కెమెరా జట్టులో 2.5 శాతం. అందరూ కాల్షియం లెక్క గురించే మాట్లాడుతున్నారు. నా చూపు మాత్రం ఈ అంకె దగ్గరే ఆగిపోయింది, అక్క రిపోర్టులోని వాక్యం ఇదే కనుక.

ఇక్కడే విమర్శకులు ఎత్తిచూపే లోపం నాకు తలకిందులై కనిపించింది. ప్రాణం పోయినా మెరుస్తుందన్నది మెడలో లోపమే. కాని పళ్లెంలో? బయటకు తీసిన థైరాయిడ్ పళ్లెంలో ఉంటుంది. రక్తం అందడం ఎప్పుడో ఆగింది. అయినా దానికి అంటుకున్న పారాథైరాయిడ్ ఇంకా మెరుస్తూనే ఉంటుంది. కాంతి లోతుకు పోదన్న అభ్యంతరం కూడా ఇక్కడ చాలావరకు తగ్గిపోతుంది. చేతిలోకి వచ్చిన అవయవాన్ని అన్ని వైపులా తిప్పి చూడవచ్చు. రక్తస్రావం లేదు, తొందర లేదు, పక్కన స్వరనాడి లేదు. పరారుణ కెమెరాకు అడ్డొచ్చే పెద్ద లైట్లను రోగి మీద ఆర్పాల్సిన పనీ లేదు. ఒక మూల చిన్న బల్ల, దాని మీద చీకటి పెట్టె చాలు. ఒకటి రెండు నిమిషాల పని.

మా ఫ్యాక్టరీ భాషలో చెప్పాలంటే ఇది లైను చివరి తనిఖీ. పెట్టె మూసే ముందు ఆఖరిసారి చూడటం. మొదటి నుంచి చివరి దాకా ప్రతి అడుగులో కెమెరా పెట్టే స్తోమత లేని కంపెనీ కూడా ఈ ఒక్కచోట పెట్టుకుంటుంది, ఇక్కడ దాటిపోయినది ఇక తిరిగి రాదు కాబట్టి. ఫార్మలిన్ డబ్బా మూత కూడా అలాంటిదే. అందులో పడిన క్షణం నుంచి ఆ గ్రంథి రోగికి ఎందుకూ పనికిరాదు. పడక ముందు దొరికితే సర్జను దాన్ని చల్లని సెలైన్‌లో ఉంచి, మిల్లీమీటరు ముక్కలుగా తరిగి, మెడ పక్క కండరంలో చిన్న చిన్న జేబులు చేసి నాటుతారు. కొన్ని వారాల్లో కొత్త రక్తనాళాలు వచ్చి అది మళ్లీ హార్మోను తయారుచేయడం మొదలుపెట్టవచ్చు. ఇది కొత్త విద్య కాదు, సర్జన్లు దశాబ్దాలుగా చేస్తున్నదే. పళ్లెంలోని అవయవాన్ని ఒకసారి వేళ్లతో తడిమి, కంటితో వెతికి చూడటం కూడా పాత అలవాటే. మంచి సర్జన్లు ఈనాటికీ చేస్తారు. ఆ అలవాటుకు వెలుగును తోడివ్వమనే నేను అడుగుతున్నది.

ఖర్చు సంగతికి వస్తే, పెద్ద పరికరాల ధర చిన్న ఆసుపత్రులు మోయలేవు. ఒక్క రోగికి వాడి పారేసే ప్రోబ్ అయితే ఆ భారం నేరుగా బిల్లులోకి వస్తుంది. కాని పళ్లెం దగ్గర చూడటానికి అంత నాజూకు పరికరం అక్కరలేదు. దక్షిణ కొరియాలోని బుసాన్ వైద్యులు, మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాలో పరారుణాన్ని అడ్డుకునే ఫిల్టరు తీసేసి దానితోనే పారాథైరాయిడ్‌ను చూడవచ్చని చూపించారు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఎండోస్కోపీకి వాడే పరారుణ కెమెరాతోనే ఆ పని చేశారు. మన నగరాల్లోని పెద్ద ఆసుపత్రులలో పిత్తాశయం ఆపరేషన్లకు ఇండోసయనిన్ గ్రీన్ చూపించే కెమెరాలు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో కొన్నింటినైనా సరైన కాంతి, సరైన ఫిల్టరుతో ఈ పనికి మలచవచ్చని నా వృత్తి అనుభవంతో గట్టిగా నమ్ముతున్నాను. వైద్య పరికరంగా అనుమతులు, పరీక్షలు తప్పవు. అయినా ఇది ఎవరికీ అందని ఆకాశం కాదు.

అక్క అడిగిన ప్రశ్న

ఇదంతా అక్కకు చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ఒళ్లో పెట్టుకుని పూర్తిగా విన్నది. విని ఒక ప్రశ్న అడిగింది.

"ఒక్క గ్రంథి పనిచేసినా మనిషికి సరిపోతుందని నువ్వే చెప్పావు కదా. నాకు పోయింది ఒకటి. మిగతా మూడూ ఏమయ్యాయి?"

లెక్కల టీచరు. తీసివేతలో తప్పు దొర్లనివ్వదు. ఆ మూడూ ఉన్నచోటే రక్తం అందక ఎండిపోయి ఉండాలి. వాటిని నేను చెబుతున్న తనిఖీ కాపాడదు. పళ్లెంలో దొరికిన గ్రంథిని నాటినా అది తప్పక బతుకుతుందన్న హామీ లేదు. కొన్ని నాటిన గ్రంథులు పట్టుకోవు. ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. క్యాన్సర్‌కు చేసిన ఆపరేషన్ అయితే, మెరిసినదల్లా పారాథైరాయిడ్ అనుకుని, క్యాన్సర్ పాకిన శోషరస గ్రంథినే ముక్కలు చేసి రోగి కండరంలో నాటే ప్రమాదం ఉంది. అందుకే నాటే ముందు చిన్న ముక్కను ఫ్రోజెన్ సెక్షన్‌కు, అంటే ఆపరేషన్ మధ్యలోనే గడ్డకట్టించి మైక్రోస్కోపులో చూసే పరీక్షకు, పంపి నిర్ధారించుకోవాలి. ఆ సౌకర్యం లేనిచోట ఈ వెలుగు మేలు కన్నా కీడు చేయవచ్చు. ఈ మాట దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం లేదు.

అయినా అక్కకు నేను ఇచ్చిన జవాబు ఇది. మూడు పోయిన మనిషికే నాలుగోది ఎక్కువ అవసరం. మూడూ బాగున్న రోగికి ఆ నాలుగోది డబ్బాలో పడినా తెలియనే తెలియదు. కాని ఏ మూడు మిగులుతాయో, ఏవి ఎండిపోతాయో ఆపరేషన్ పూర్తయ్యే వేళకు కంటికి తెలియదు. తెలియనప్పుడు ప్రతి గ్రంథినీ అదే ఆఖరిదన్నట్టు చూసుకోవాలి. అక్క కాసేపు ఆలోచించి, అయితే ఆ నాలుగోది బతకడానికి ఎంత అవకాశం ఉండేదని అడిగింది. చెప్పలేనన్నాను. సున్నా కన్నా ఎక్కువ కదా అన్నది. పేపర్లు దిద్దడం మొదలుపెట్టింది.

నాకు భయం కలిగించే విషయం మరొకటుంది. కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో కెమెరా పెట్టాం. అంతకు ముందు ఆ బెల్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని మాత్రలు చూసేవారు. వాళ్ల కన్ను అసాధారణమైనది. ఒక షేడు తేడాను నడిచే బెల్టు మీద పట్టేసేవారు. కెమెరా వచ్చాక వాళ్లను ప్యాకింగుకు మార్చారు. ఏడాది తర్వాత ఒకనాడు లెన్సు మీద పొడి పేరుకుని కెమెరా సరిగ్గా చూడలేదు. అప్పటికి ఆ లైను దగ్గర మాత్రను చూసి తేడా చెప్పగలిగినవారు ఎవరూ మిగల్లేదు. సర్జన్ల విషయంలోనూ ఇది జరగవచ్చు. తెరకు అలవాటైన చేతులు, కంటితో గ్రంథిని గుర్తుపట్టే విద్యను నేర్చుకోకుండానే పెరగవచ్చు.

కాబట్టి ముందు కంటితో వెతికి, ఇది పారాథైరాయిడ్ అని నోటితో చెప్పి, ఆ తర్వాతే తెర చూడాలన్న క్రమం పెట్టాలి. అలా వాడితే వెలుగు కన్నుకు గురువవుతుంది. చెప్పింది తప్పయితే అప్పటికప్పుడే తెలుస్తుంది. బయాప్సీ రిపోర్టు కోసం వారం ఆగక్కరలేదు, అది చదవకుండా వదిలేసే అవకాశమూ ఉండదు. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ, మద్రాసు మెడికల్ కాలేజీ, విశాఖపట్నంలోని ఆంధ్రా మెడికల్ కాలేజీ వంటి చోట్ల ఎండోక్రైన్ సర్జరీకి ప్రత్యేక శిక్షణ ఉంది. మన దేశంలో థైరాయిడ్ ఆపరేషన్లు ఎక్కువగా చేసేది మాత్రం అలాంటి శిక్షణ పొందినవారు కాదు. జనరల్ సర్జన్లు, చెవి ముక్కు గొంతు సర్జన్లు చేస్తారు. ఏడాదికి కొద్ది కేసులే చేసేవారూ ఉంటారు. ఆ కొద్ది కేసుల్లో ప్రతి ఒక్కటీ వాళ్లకు ఏదో నేర్పాలి. వందల ఆపరేషన్లు చేసిన చేతికి ఈ పరికరం పెద్దగా కలిపేది ఉండకపోవచ్చు. లుండ్ అధ్యయనం ఫలితం అలా రావడానికి ఇది కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. నేర్చుకునే చేతికి మాత్రం తప్పకుండా పనికొస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రి ప్రకటనల బోర్డు మీదకు ఎక్కకముందే బోధనాసుపత్రి పళ్లెం దగ్గరకు ఇది రావాలని నేను కోరుకునేది అందుకే.

మూడు ప్రశ్నలు

ఈ నెల మొదట్లో మా పిన్ని కూతురికి థైరాయిడ్ ఆపరేషన్ నిర్ణయమైంది. అక్క తరహాలోనే రెండు వైపులా గడ్డలు. సర్జనును కలవడానికి నేనూ వెంట వెళ్లాను. ఆయన వయసులో నాకన్నా చిన్నవారు. పరారుణ కెమెరా ఏదీ వాళ్ల దగ్గర లేదని ముందే కనుక్కున్నాను. అందుకే మూడే అడిగాను. ఎన్ని పారాథైరాయిడ్లు చూశారో రాసి ఇస్తారా? తీసిన థైరాయిడ్‌ను డబ్బాలో వేసే ముందు దానికి ఏదైనా అంటుకుందేమో మీరు చూస్తారా? ఆపరేషన్ అయిన కొన్ని గంటల్లో పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష చేయించి, ఆ ఫలితం వచ్చాకే ఇంటికి పంపుతారా?

కోపగించుకుంటారేమో అనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, మీ ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది అయిందా అని అడిగారు. అక్క సంగతి చెప్పాను. రిపోర్టులోని వాక్యం కూడా చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, రెండో ప్రశ్నకు సంబంధించి, తాను చూస్తానని, తాను చూసిన తర్వాత సహాయకుడి చేత కూడా విడిగా చూపిస్తానని అన్నారు. "వెలుగు ఉంటే ఇంకా బాగుండేది" అని ఆయనే అన్నారు.

ఆపరేషన్ గత శుక్రవారం జరిగింది. డిశ్చార్జి పత్రంలో అచ్చు అక్షరాల కింద నీలం సిరాతో చేత్తో రాసిన రెండు వరుసలు ఉన్నాయి. మూడు గ్రంథులు కనిపించాయి, రంగు బాగుంది. తీసిన అవయవాన్ని ఇద్దరు పరిశీలించారు, ఏమీ కనిపించలేదు. కాల్షియం 8.7. పిన్ని కూతురు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని పెదవులు తడుముకుంటూ, తిమ్మిరి లేదని గంటకోసారి అక్కకు ఫోను చేసి చెబుతోంది.

బయాప్సీ రిపోర్టు వచ్చే గురువారం వస్తుంది. ఈసారి రెండో పేజీ ముందు చదువుతాం.